గాదె కింద నుంచి ఆస్ట్రేలియా దాకా

జపాన్ పిల్లలు అతన్ని ‘కురాష్షు బాండికూ’ అంటారు. మిగతా ప్రపంచానికి అతను ‘క్రాష్ బాండికూట్’. 1996లో సోనీ ప్లేస్టేషన్ కోసం వచ్చిన వీడియో గేమ్‌లో కథానాయకుడు. నారింజ రంగు ఒళ్లు, నీలం నిక్కరు, చేతులకు గ్లౌజులు. బొంగరంలా గిరగిర తిరుగుతూ అడ్డొచ్చిన పెట్టెలన్నీ పగలగొట్టుకుంటూ పోతాడు. ఆ ఆట ఆడుతూ పెరిగిన తరం ఇప్పుడు తమ పిల్లలకు అదే ఆట కొనిపెడుతోంది. ఆ పేరులో రెండో సగం కృష్ణా, గోదావరి గట్ల మీద పుట్టిన మాట అని మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు. తెలుగు ఇళ్లలో ఆ ఆట ఆడిన పిల్లలకూ తెలియదు.

బాండికూట్ అంటే మన పందికొక్కే.

ఇది ఎవరో అభిమానంతో అల్లిన కథ కాదు. ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాట పుట్టుక దగ్గర తెలుగు పేరే చెబుతాయి. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు కలిసి 1886లో ‘హాబ్సన్-జాబ్సన్’ పేరుతో ఒక పెద్ద నిఘంటువు వేశారు. ఇండియాలో ఇంగ్లీషువాళ్లు వాడే దేశీ మాటలన్నీ అందులో ఉన్నాయి. వాళ్లు కూడా బాండికూట్‌కు మూలం తెలుగు ‘పందికొక్కు’ అనీ, పంది, ఎలుక అనే రెండు అర్థాలు అందులో కలిశాయనీ రాశారు. తెలుగులో కొక్కు అంటే పెద్ద ఎలుక. ఎలుక వాహనం గనుక వినాయకుడికి పాత నిఘంటువుల్లో ‘కొక్కురౌతు’ అనే పేరు కూడా కనిపిస్తుంది.

చుట్టుపక్కల భాషల్లో ఈ జంతువు పేర్లు చూస్తే ఇంగ్లీషు ఎవరి దగ్గర అప్పు తీసుకుందో అనుమానం మిగలదు. తమిళంలో పెరుచ్చాళి, మలయాళంలో పెరుచ్చాళి, కన్నడంలో హెగ్గణ, మరాఠీలో ఘూస్. వీటిలో దేన్నీ ఎంత సాగదీసినా బాండికూట్ రాదు. శ్రీలంకలో సింహళీయులు మాత్రం మనలాగే ఆలోచించారు. వాళ్ల ‘ఊరుమీయా’లో కూడా పంది, ఎలుక కలిసే ఉన్నాయి.

అసలు జంతువును ఒకసారి దగ్గరగా చూడాలి. పెద్ద పందికొక్కు తల నుంచి తోక మొదలు దాకా అడుగుకు దగ్గరగా ఉంటుంది, తోక ఇంచుమించు మరో అంత. బాగా ఎదిగినది కిలో తూగుతుంది. మూతి మొద్దుగా ఉంటుంది. బెదిరితే వీపు మీది ముతక వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. గొంతులోంచి గుర్రుమనే చప్పుడు వస్తుంది. పంది పేరు ఆ గుర్రుకే వచ్చిందని చాలామంది నమ్మకం. దీనికంటే చిన్నదైన మరో రకం పొలాల్లో, ధాన్యం గిడ్డంగుల్లో ఉంటుంది. అది గట్టు కింద సొరంగాలు తవ్వి, వరి కంకులు కొరికి లోపల పోగేసుకుంటుంది. రైతు నష్టం అది తిన్నదానితో ఆగదు, దాచిందీ లెక్కలోకి వస్తుంది. కోతల తర్వాత పొలాల్లో బొరియలు తవ్వి ఆ కంకులు బయటికి తీసుకునే పేదలు ఉండేవారు. కోస్తా జిల్లాల యానాదులకు ఇందులో అందెవేసిన చెయ్యి. ఏ బొరియ పాతది, ఏది కొత్తది, లోపలి దారి ఎటు తిరుగుతుంది అనే సంగతి వాళ్లు మట్టిని చూసి చెబుతారు.

ఇంత దగ్గరగా చూసిన జనం గనకే తెలుగులో పందికొక్కు మీద ఏ కోశానా జాలి లేదు. ‘పందికొక్కులా మేశాడు’ అంటే తిన్నవాడి ఆకలి గురించి చెప్పడం కాదు, అది వాడి సొమ్ము కాదని చెప్పడం. ‘గాదె కింద పందికొక్కు’ అంటే ఒకరి చెమట మీద హాయిగా బలిసినవాడు. ఎన్నికల సభల్లో ఈ మాట వినపడని జిల్లా ఉండదు. ఖజానాను పందికొక్కుల్లా దోచుకున్నారని ఒక పక్షం అంటే, మీరు అంతకంటే పెద్ద పందికొక్కులని రెండో పక్షం అంటుంది. కొద్దికొద్దిగా, చీకట్లో, కిందినుంచి తొలిచే దొంగతనానికి తెలుగులో ఇంతకంటే గట్టి మాట దొరకడం కష్టం.

ఈ ఎలుకల్ని చూసి నివ్వెరపోయిన మొదటి విదేశీయులు ఇంగ్లీషువాళ్లు కారు. 14వ శతాబ్దంలో ఇండియాకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, దేవగిరి కోట చెరసాలలో పిల్లుల కంటే పెద్ద ఎలుకలు ఉన్నాయని రాశాడు. అక్కడ బందీగా ఉండి బయటపడిన ఒక అధికారి, రాత్రిళ్లు అవి మీదికి వస్తే పోరాడాల్సి వచ్చేదని అతనికి చెప్పాడట. హాబ్సన్-జాబ్సన్ ఈ ఉదంతాన్ని బాండికూట్ కిందే చేర్చింది. ఆయన చూసిన జంతువు ఉంది, పేరు ఇంకా అందలేదు.

పేరు ఇచ్చింది తెలుగు తీరం. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది, 1639లో మద్రాసులో స్థలం సంపాదించింది. రెండు చోట్లా దుబాసీలు, వర్తకులు, కూలీలు, సిపాయిల్లో తెలుగువాళ్లు నిండుగా ఉండేవారు. తెలుగును ఇంగ్లీషువాళ్లు అప్పట్లో ‘జెంటూ’ అనేవారు. కంపెనీకి ప్రాణం గిడ్డంగుల్లో ఉండేది, పందికొక్కుకీ అంతే. (గిడ్డంగి అన్న మాట కూడా మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులో ‘గోడౌన్’ అయిందని కొందరు నిఘంటుకర్తల అభిప్రాయం.) బస్తాల కింద చప్పుడైనప్పుడు కాపలావాడు చెప్పిన పేరును దొరగారు తన నోటికి వచ్చినట్టు పలికి ఉంటాడు. మొదటి పకారం బకారమైంది, చివర ఎక్కడినుంచో ఒక టకారం వచ్చి చేరింది.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ మాట తొలిగా కనిపించే చోట్లలో ఒకటి 1789లో అచ్చయిన ఇనెస్ మన్రో పుస్తకం. ఆయన కోరమాండల్ తీరంలో హైదర్ అలీ మీద జరిగిన యుద్ధాల్లో పాల్గొన్న స్కాట్లండ్ సైనికాధికారి. బాండికూట్ చేసే చెడుపు కంటే దాని కంపే ఎక్కువ బాధ అని ఆయన రాశాడు. దాన్ని కస్తూరి ఎలుక అని కూడా అన్నాడు. తెలుగు పాఠకులు ఇక్కడే ఆగిపోతారు. కంపు కొట్టేది చుంచు, పందికొక్కు కాదు. అంటే ఈ మాట ఇంగ్లీషులో అడుగు పెడుతూనే ఒక జంతువు నుంచి మరో జంతువు మీదికి జారింది. ఆ జారుడు అక్కడితో ఆగలేదు.

పదేళ్లకే అది సముద్రం దాటింది. 1799లో నావికుడు, వైద్యుడు జార్జ్ బాస్ ఆస్ట్రేలియాలో కనిపించిన ఒక చిన్న జంతువుకు బాండికూట్ అనే పేరు వాడాడు. పొడుగు మూతి, ముందుకు వంగిన ఒళ్లు, వెనక సన్నటి తోక. చీకట్లో చూస్తే పెద్ద ఎలుక అనిపించే మాట నిజమే. ఇండియాలో కొలువు చేసి వచ్చినవాళ్ల మాటలు అప్పటి ఓడల్లో అందరి నోళ్లలోనూ నలిగేవి. ఆ జంతువుకు అప్పటికే వేల ఏళ్లుగా అక్కడి ఆదిమ జాతుల భాషల్లో పేర్లున్నాయి. వచ్చినవాళ్లు వాటిని అడగలేదు. మద్రాసు గిడ్డంగుల పేరునే తెచ్చి తగిలించారు. ఒక తెలుగు మాట ప్రపంచం చుట్టి వచ్చిందని సంతోషించేటప్పుడు, అది వెళ్లిన చోట ఎవరి మాటలను పక్కకు నెట్టిందో కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

నిజానికి ఈ రెండు జంతువులకూ చుట్టరికం లేదు. ఆస్ట్రేలియా బాండికూట్ కంగారూ లాగా కడుపు సంచిలో పిల్లల్ని పెంచే జాతి. దాని వంశమూ ఎలుక వంశమూ పది కోట్ల ఏళ్ల కిందటికంటే ముందే వేరుపడ్డాయి. సంచి మూతి కంగారూకు పైకి ఉంటే దీనికి వెనక్కి ఉంటుంది. ముందు కాళ్లతో తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా ఇదొక ఏర్పాటు. కొన్ని రకాల్లో గర్భం పన్నెండున్నర రోజులే. క్షీరదాల్లో ఇంత తక్కువ కాలం అరుదు. వెనక కాలి వేళ్లలో రెండు కలిసిపోయి, ఒళ్లు దువ్వుకోవడానికి దువ్వెనలా పనికొస్తాయి. తిండి పురుగులు, వానపాములు, దుంపలు, నేలలో పెరిగే శిలీంధ్రాలు. గాదెలతో దానికి పనిలేదు.

తెలుగులో దొంగకు గుర్తయిన మాట ఆస్ట్రేలియాలో దిక్కులేనివాడికి గుర్తయింది. 19వ శతాబ్దం నుంచి అక్కడి జనం నోట బాండికూట్ పోలికలు బోలెడు. బాండికూట్ అంత దిగులుగా ఉన్నాడు, బాండికూట్ అంత పేదవాడు, బాండికూట్ అంత బట్టతల అంటారు. అన్నిటికంటే చక్కనిది, ఒంటరివాణ్ని కాలిపోయిన కొండగట్టు మీది బాండికూట్‌తో పోల్చడం. కార్చిచ్చు పోయాక నల్లబడిన నేల, దాక్కోవడానికి పొద లేదు, తినడానికి పురుగు లేదు, మధ్యలో ఒక చిన్న ప్రాణి. ఆ దేశంలో బతికినవాళ్లు కళ్లారా చూసి చెప్పిన పోలిక అది. ఏలూరు రైతుకు ఇదంతా చెబితే పందికొక్కుకు దిగులేమిటని ఆశ్చర్యపోతాడు.

అయితే దొంగతనం వాసన పూర్తిగా పోలేదు. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియాపదం కూడా. బంగాళాదుంప మొక్క పైభాగం కదలకుండా, ఆకులు వాడకుండా, పక్కనుంచి మట్టిలో చెయ్యి పెట్టి దుంపలు మాత్రం లాగేయడాన్ని ‘బాండికూట్ చేయడం’ అంటారు. పొలం యజమాని వచ్చి చూస్తే మొక్కలన్నీ పచ్చగానే ఉంటాయి, తవ్వితే కింద ఏమీ ఉండదు. ఒకప్పుడు ఇది దొంగలు చేసే పని. ఇప్పుడు పెరటి తోటలు పెంచేవాళ్లు తమ సొంత మడిలోనే లేత దుంపలు నాలుగు ముందుగా తీసుకోవడానికి ఈ మాట వాడుతున్నారు. జంతువు పూర్తిగా మారినా, పైకి తెలియకుండా కిందినుంచి ఖాళీ చేయడం అనే గుణం మాత్రం మాటను వదల్లేదు. ఇందులో తెలుగు పందికొక్కు పాత్ర ఏమీ లేదు, అక్కడి జంతువు కూడా తవ్వేదే కాబట్టి వచ్చిన అర్థం ఇది. ‘గాదె కింద పందికొక్కు’ తెలిసినవాళ్లకు మాత్రం ఈ పోలిక గట్టిగా తగులుతుంది.

ఇక శాస్త్రజ్ఞుల సంగతి. 1873లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే మన ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరు పెట్టాడు. పెద్ద పందికొక్కు ఇప్పుడు ప్రపంచమంతటా బాండికోటా ఇండికా. లాటిన్ వేషం వేసుకున్నా లోపల ఉన్నది తెలుగు. జంతుశాస్త్రంలోకి వెళ్లిన తెలుగు మాట ఇదొక్కటే కాదు. పొన్నంగి పిట్ట లాంటి రంగుల పక్షుల ప్రజాతికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో 1816లో ‘పిట్టా’ అని పెట్టిన పేరు కూడా మన పిట్టే.

పేర్ల గందరగోళం పరాకాష్ఠకు చేరింది మాత్రం ఒక ఆస్ట్రేలియా జీవి దగ్గర. 1836లో థామస్ మిచెల్ అన్వేషణ బృందానికి మర్రీ నది ప్రాంతంలో ఒక విచిత్రమైన బాండికూట్ దొరికింది. ముందు కాళ్లకు రెండేసి వేళ్లే, అచ్చం పంది గిట్టల్లా. దానికి పంది కాళ్ల బాండికూట్ అనే పేరు వచ్చింది. తెలుగులో చెబితే పంది కాళ్ల పందికొక్కు. పేరు పెట్టినవాళ్లకు తాము పందిని రెండుసార్లు పిలుస్తున్నామని తెలియదు. దొరికిన ఆ ఒక్క జంతువుకు తోక ఎలాగో ఊడిపోయింది. 1838లో విలియం ఓగిల్బీ దాన్ని వర్ణిస్తూ, ఆ జాతికి తోకే లేదనుకుని లాటిన్‌లో ‘తోక లేనిది’ అనే పేరు ఖాయం చేశాడు.

ఆ తప్పు ఫలితం 1857లో జెరార్డ్ క్రెఫ్ట్‌కు అనుభవమైంది. ఆయన మర్రీ, డార్లింగ్ నదుల ప్రాంతంలో ఈ జంతువు కోసం వెతుకుతూ, మిచెల్ బృందం వేసిన బొమ్మను అక్కడి ఆదిమవాసులకు చూపించాడు. వాళ్లు వేరే రకం బాండికూట్‌లను పట్టుకుని, బొమ్మలో ఉన్నట్టు తోకలు తీసేసి తెచ్చి ఇచ్చారు. చివరికి అసలువి దొరికాయి. అవి తినడానికి చాలా బాగుంటాయనీ, శాస్త్రం మీద తన ప్రేమను ఆకలి ఓడించిందనీ క్రెఫ్ట్ స్వయంగా రాసుకున్నాడు. చదువుతుంటే నవ్వు రావచ్చు గానీ, ఆ తర్వాతి కథలో నవ్వేమీ లేదు. 1901 తర్వాత ఆ జంతువు నమూనా ఒక్కటి కూడా ఏ మ్యూజియానికీ చేరలేదు. మధ్య ఆస్ట్రేలియా ఆదిమవాసుల పెద్దలు 1950ల దాకా అది కనిపించేదని చెప్పారు. ఇప్పుడు లేదు. తోక ఉన్న జంతువుకు తోక లేదన్న పేరు మాత్రం శాస్త్ర గ్రంథాల్లో అలాగే ఉండిపోయింది.

మిగిలినవాటికీ గండం తప్పలేదు. యూరోపియన్లు వేట సరదాకు తెచ్చి వదిలిన నక్కలు, ఇళ్ల నుంచి అడవి పట్టిన పిల్లులు, పచ్చిక బయళ్లను పొలాలుగా మార్చడం, ఈ మూడూ కలిసి చారల బాండికూట్‌ను విక్టోరియా రాష్ట్రంలో దాదాపు తుడిచిపెట్టాయి. 1980ల చివరికి అవి హామిల్టన్ అనే ఊరి పరిసరాల్లో మాత్రమే మిగిలాయి. 1988లో కొన్నిటిని పట్టి తెచ్చి సంరక్షణలో పిల్లలు పెట్టించడం మొదలుపెట్టారు. బయట మాత్రం అవి లేకుండా పోయాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాల పని అంతా కంచెలు కట్టడం, నక్కలు లేని దీవులు వెతకడం, వాటిని అక్కడ వదలడం. 2015లో చర్చిల్ దీవి, ఆపైన ఫిలిప్ దీవి, ఫ్రెంచ్ దీవి. గొర్రెల మందలను కాసే మారెమ్మా జాతి కుక్కలకు బాండికూట్‌లను కాయడం నేర్పే ప్రయత్నం కూడా చేశారు. 2021లో విక్టోరియా ప్రభుత్వం ఈ జాతిని ‘అడవిలో అంతరించింది’ అన్న జాబితా నుంచి ‘ప్రమాదంలో ఉంది’ అన్న జాబితాకు మార్చింది. జాతులు సాధారణంగా అంతరించే వైపే నడుస్తాయి, ఇలా వెనక్కి రావడం చాలా అరుదు.

వీడియో గేమ్ క్రాష్‌ది కూడా ఈ చారల బాండికూట్ జాతే అని చెబుతారు. నాటీ డాగ్ సంస్థలో ఆండీ గావిన్, జేసన్ రూబిన్ ఆ ఆటను తయారుచేసేటప్పుడు జనానికి అంతగా తెలియని ఆస్ట్రేలియా జంతువు కోసం వెతికారు. మొదట ‘విల్లీ ది వాంబాట్’ అనే పేరుతో పని నడిచింది. చివరికి బాండికూట్ గెలిచింది. జంతువు పోలిక ఆ బొమ్మలో పెద్దగా కనిపించదు. ఆ పేరులోని చప్పుడు మాత్రం పిల్లల నోళ్లలో నిలిచిపోయింది.

ఈ మాట తిరిగి దక్షిణ భారతానికి వచ్చిన దారి మరో విశేషం. తిరువనంతపురానికి చెందిన జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ 2018లో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోను తెచ్చింది. మనిషి దిగాల్సిన గోతిలోకి దాని యంత్రపు చెయ్యి దిగి బురద ఎత్తిపోస్తుంది. పైన నిలబడిన కార్మికుడు తెర మీద చూస్తూ నడిపిస్తాడు. మనుషుల్ని మురుగు గోతుల్లోకి దింపే దారుణం చట్టం నిషేధించినా ఆగని దేశంలో ఇది చాలా అవసరమైన యంత్రం. దాని పేరు ‘బాండికూట్’. మలయాళీ యువకులు తమ పెరుచ్చాళిని కాదని ఇంగ్లీషు మాటగా పెట్టుకున్న పేరు, నిజానికి తెలుగు మాట. తెలుగులో తిట్టుగానే ఎక్కువగా వినిపించే ఆ పేరు ఇక్కడ మనుషుల ప్రాణాలు కాపాడే పనిలో ఉంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇప్పుడొక చిక్కు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిస్తే బాండికూట్ ఎదురుగా పందికొక్కు అని ఉంటుంది. ఇండియా వార్తలకు అది సరిపోతుంది. ఆస్ట్రేలియా వార్తకు అదే పెడితే, అక్కడి ప్రభుత్వం ఏళ్ల తరబడి డబ్బు పోసి పందికొక్కుల్ని కాపాడుతోందని తెలుగు పాఠకుడు చదవాల్సి వస్తుంది. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో బాండికూట్ బొమ్మలు గీసి తెస్తారు. ఆ ఇళ్లలో ఈ ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది. అప్పిచ్చిన మాటను మారిన అర్థంతో ‘బాండికూట్’ అనే తెలుగులోకి తిరిగి తెచ్చుకోవడం మంచిది. పందికొక్కు గాదె కిందే ఉండవచ్చు.

కొన్నిటికి అంతకంటే మంచి దారి కూడా ఉంది. నైరుతి ఆస్ట్రేలియా నూంగార్ ప్రజలు తమ వైపు ఉండే గోధుమరంగు రకాన్ని ‘క్వెండా’ అంటారు. ఒక్క క్వెండా ఆహారం కోసం రోజుకు నలభై అయిదు దాకా చిన్న గుంతలు తవ్వుతుందనీ, ఏడాదికి దాదాపు నాలుగు టన్నుల మట్టిని తిరగేస్తుందనీ అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. ఆ గుంతల్లో ఆకులు రాలి కుళ్లుతాయి, వాన నీరు ఇంకుతుంది, విత్తనాలు మొలుస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇప్పుడు శాస్త్రజ్ఞులూ మామూలు జనమూ దాన్ని క్వెండా అనే పిలుస్తున్నారు. తెలుగులో కూడా అలాగే రాయవచ్చు.